ఆలసించి వచ్చు వెలుగు

దీపము ఆర్పినంతనే గదిలోని వెలుతురు మాయమగుట అందరకును తెలిసినదే. వెలుతురునకు నిలువ యుండు గుణము లేదు. అయినను కొన్ని పదార్థములు వెలుతురును తమలోనికి గ్రహించి, మూలదీపము ఆరిన పిమ్మట గూడ కొంత తడవు తాము వెలుగుచుండును. పిల్లల పడకగదులలో గోడలకు అంటించు బొమ్మనక్షత్రములు చీకటిలో మిణుకుమనుట మీరు చూచియే యుందురు. ఈ ప్రసంగమున నేను చెప్పదలచినది అంతకంటె సూక్ష్మమైన విషయము. ఆల్కహాలులో పిసరంత అంత్రసీనును కరగించి, గాలి లేకుండ గాజుగొట్టములో మూసి, దానిపై కంటికి కనబడని అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేసినచో, ఆ ద్రావణము ఊదాచాయ గల నీలికాంతిని వెలువరించును. కిరణములను ఆపివేసిన తరువాత, సెకనులో కొన్ని వేయవ వంతుల కాలముపాటు, మరల అదే నీలికాంతి మిక్కిలి మందముగా వచ్చుచునే యుండును. రెండింటి రంగును ఒక్కటే. రంగు ఒక్కటి యగుటయే శాస్త్రజ్ఞులను చిరకాలము తికమక పెట్టినది.

ఈ పదార్థముల పుట్టుపూర్వోత్తరములను గూర్చి ఒక మాట చెప్పవలెను. రాక్షసిబొగ్గును గాలి తగులకుండ కాల్చినపుడు వచ్చు నల్లని తారులో ఎన్నియో వస్తువులు దాగియున్నవి. బట్టల పెట్టెలలో పురుగు పట్టకుండ మన ఇండ్లలో వేయు కలరా ఉండలలోని నాఫ్తలీను ఆ తారు సంతానమే. దానినుండియే 1832లో ఫ్రెంచి రసాయనజ్ఞులు డ్యూమా, లోరాన్ అనువారు అంత్రసీనును వేరుచేసిరి. ఫినాంత్రీను, పైరీను అనునవియు ఈ కుటుంబములోనివే. వీని అణువులలో కర్బన పరమాణువులు ఆరేసి చొప్పున వలయములుగా కూడి, ఆ వలయములు ఒకదాని నొకటి అంటుకొనియుండును. రసాయనజ్ఞులు ఇట్టివానికి ఆరోమాటిక్ పదార్థములని, అనగా సువాసన గలవని, పేరు పెట్టిరి. కలరా ఉండల వాసనను సువాసన యనుటకు అందరును ఒప్పుకొనకపోవచ్చును గాని, పేరు నిలిచిపోయినది. వలయములన్నిటిపైన పరచుకొని, ఏ ఒక్క పరమాణువునకును కట్టుబడక తిరుగు ఎలెక్ట్రానులు కొన్ని ఈ అణువులలో నున్నవి. వెలుతురును పట్టునవియు, విడుచునవియు అవియే.

వెలుతురును గ్రహించి వెంటనే వేరొక రంగు వెలుతురుగా తిరిగి ఇచ్చు గుణమునకు ప్రతిదీప్తి యని పేరు. మలేరియా జ్వరమునకు వాడిన క్వినైనును ఆమ్లము కలిపిన నీటిలో కరగించి ఎండలో పెట్టినచో, దాని పైభాగమున నీలికాంతి కనబడును. 1852లో ఇంగ్లండునందు స్టోక్సు అను గణితశాస్త్రజ్ఞుడు దీనిని పరిశోధించి, వచ్చు కాంతి సాధారణముగా గ్రహించిన కాంతికంటె తక్కువ శక్తి గలదై యుండునని నిరూపించెను. పది రూపాయలు తీసికొని ఎనిమిది రూపాయలు తిరిగి ఇచ్చునట్టి వ్యవహారమిది. తక్కిన రెండు రూపాయలును వేడిమిగా ద్రావణములో కలసిపోవును. ఈ వ్యవహారమంతయు అతి త్వరగా ముగియును. అంత్రసీను అణువు శక్తిని గ్రహించి, దానిని కాంతిగా విడుచుటకు పట్టు కాలము సెకనును నూరుకోట్ల భాగములు చేసినచో అందు ఐదు భాగములు మాత్రమే.

ఇంత తొందర గల అణువు, దీపము ఆరిన తరువాత వేయవ వంతు సెకను వరకు ఎట్లు ఆగగలిగినది? ఐదు భాగములు ఎక్కడ, పది లక్షల భాగములు ఎక్కడ? ఒక నిమిషములో రావలసిన మనిషి నాలుగు నెలల తరువాత వచ్చి, అదే చొక్కాతో గుమ్మములో నిలుచుండినట్లున్నది.

ఆలసించుటకు తగిన మజిలీ ఒకటి అణువులో నున్నదని మొట్టమొదట స్పష్టముగా చిత్రించి చూపినవాడు పోలండు దేశస్థుడైన యబ్లోన్‌స్కీ. 1933లో ఆయన అణువు యొక్క శక్తిస్థితులను మెట్లవలె గీసి, పైమెట్టునకును నేలకును నడుమ మరియొక మెట్టును చూపెను. అణువు పైమెట్టునుండి జారి ఆ నడిమి మెట్టుపై చిక్కుకొనునని, అచ్చటనుండి నేలకు దిగుట దానికి సులభము కాదని ఆయన భావము. ఆ మెట్టు ఏమిటో ఆయన చెప్పలేదు. దానిని చెప్పినవారు సోవియట్ దేశమున టెరెనిన్ (1943), అమెరికాలో లూయిస్, కాషా (1944).

వారు చెప్పిన దానిని తెలిసికొనుటకు ఎలెక్ట్రానుల స్వభావమును కొంచెము తెలిసికొనవలెను. ప్రతి ఎలెక్ట్రానునకును స్పిన్ అను గుణము కలదు. దానిని బొంగరపు తిరుగుడుతో పోల్చుట వాడుక. ఆ పోలిక పూర్తిగా సరియైనది కాదు గాని మన పనికి చాలును. సాధారణ స్థితిలో అణువులోని ఎలెక్ట్రానులు జంటలు జంటలుగా నుండును. జంటలో ఒకటి కుడివైపునకు తిరిగినచో రెండవది ఎడమవైపునకు తిరుగును. వెలుతురు తగిలి ఒక ఎలెక్ట్రాను పైమెట్టునకు ఎగిరినను, దాని తిరుగుడు మారదు. దీనిని ఏకక స్థితి యందురు. కాని ఒక్కొక్కప్పుడు పైకెగిరిన ఎలెక్ట్రాను తన తిరుగుడును మార్చుకొనును. అప్పుడు రెండును ఒకే వైపునకు తిరుగుచు, అణువు కొంత శక్తిని కోల్పోయి నడిమి మెట్టునకు దిగును. దీనికి త్రిక స్థితి యని పేరు. అయస్కాంతక్షేత్రములో ఈ స్థితి మూడుగా విడిపోవుటచేత ఆ పేరు వచ్చినది.

త్రిక స్థితినుండి నేలకు దిగవలెనన్నచో ఎలెక్ట్రాను మరల తిరుగుడును మార్చుకొనవలెను. ప్రకృతినియమములు దీనికి అంత తేలికగా అనుమతి నీయవు. అందుచేత అణువు అక్కడనే చిక్కుకొనియుండును. ఎట్టకేలకు దిగినపుడు వెలువడు కాంతికి స్ఫురదీప్తి యని పేరు. అది ప్రతిదీప్తికంటె తక్కువ శక్తి గలది గనుక ఎరుపువైపునకు జరిగియుండును. అంత్రసీను ప్రతిదీప్తి నీలము. దాని స్ఫురదీప్తియో, కంటికి కనబడు ఎరుపునకు చివరనున్నది. లూయిస్, కాషాల వాదమును మొదట ఎందరో నమ్మలేదు. త్రిక స్థితిలో నున్న అణువు చిన్న అయస్కాంతమువలె ప్రవర్తింపవలెను గదా యని ప్రశ్నించిరి. 1958లో షికాగో విశ్వవిద్యాలయమున హచిసన్, మాంగమ్ అనువారు నాఫ్తలీను అణువులలో ఆ అయస్కాంత లక్షణమును సూక్ష్మతరంగముల సాయమున పట్టి చూపుటతో ఆ వివాదము తీరినది.

ఇప్పుడు మన చిక్కును మరల పరికింపవలెను. ఆలసించి వచ్చు కాంతి త్రిక స్థితినుండి నేరుగా వచ్చినచో ఎరుపుగా నుండవలెను. ఏకక స్థితినుండి నేరుగా వచ్చినచో ఆలసింపరాదు. వచ్చిన కాంతియో నీలము, కాలమో త్రికమునకు తగినది. అణువు నడిమి మెట్టుపై విశ్రమించి, తరువాత ఎట్లో పైమెట్టునకు ఎక్కి, అచ్చటనుండి దిగవలెను. ఇంతకు మించి వేరు దారి లేదు. ఎక్కుటకు శక్తి ఎక్కడిది? దీపము ఆరిపోయినది గదా! దీనికి ప్రకృతి రెండు విధములైన సమాధానములు ఇచ్చినది.

మొదటి సమాధానము ఇయోసిన్ అను రంగుపదార్థములో కనబడును. ఎర్రసిరాలలో వాడబడినదియు, నేటికిని ఆసుపత్రులలో శరీరఖండములను సూక్ష్మదర్శినిలో చూచుటకు గులాబిరంగు పట్టించునదియు ఇదియే. దీనిని గ్లిసరినులో కరగించి, ఆలసించి వచ్చు కాంతిని 1930లో ఫ్రాన్సులో బూదిన్ పరిశీలించెను. ఇయోసినులో పైమెట్టునకును నడిమి మెట్టునకును ఎడము స్వల్పము, ఇంచుమించు 0.4 ఎలెక్ట్రాను ఓల్టు. ద్రావణములోని అణువులు వేడిమిచే ఎడతెగక కదలుచు ఒకదాని నొకటి ఢీకొనుచుండును. ఆ తాకిడిలో ఒక్కొక్కప్పుడు అణువునకు సగటుకంటె చాల హెచ్చైన శక్తి చిక్కును. త్రిక స్థితిలో నున్న అణువు ఆ అదృష్టముచే పైమెట్టునకు ఎక్కి, మామూలు ప్రతిదీప్తిని వెలువరించును. ఇట్టి అదృష్టము అరుదు. కాని అణువునకు వేచియుండుటకు కావలసినంత కాలమున్నది.

ఈ వివరణ సత్యమైనచో ద్రావణమును చల్లార్చినపుడు ఆలసించిన పసుపుపచ్చని కాంతి తగ్గి, ఎర్రని స్ఫురదీప్తి మాత్రమే మిగులవలెను. అట్లే జరుగును. వేడిమితోపాటు కాంతి ఎట్లు పెరుగునో కొలిచి లెక్కకట్టినచో మెట్ల మధ్య ఎడము తేలును. రంగుల తేడానుబట్టి వేరుగా లెక్కకట్టిన ఎడముతో అది సరిపోవును. రెండు వేరు దారులలో నడిచి ఒకే ఊరు చేరుటవంటిది ఇది.

అంత్రసీను విషయమున ఈ సమాధానము పనికిరాదు. దాని పైమెట్టు 3.3 ఎలెక్ట్రాను ఓల్టుల ఎత్తున నున్నది. నడిమి మెట్టు 1.8 దగ్గరనే. ఎడము 1.5. గది వేడిమిలో తాకిడులవలన ఇంత ఎత్తును ఎక్కగల అణువు ఉన్నదనుట కల్ల. అయినను కాంతి వచ్చుచున్నది.

ఈ ముడిని ద్రావణములలో విప్పినవారు సి. ఎ. పార్కర్, సి. జి. హాచర్డ్ అను ఇద్దరు ఆంగ్లేయులు. వారు బ్రిటిష్ నౌకాదళమునకు చెందిన పదార్థపరిశోధనశాలలో పనిచేసిరి. విశ్వవిద్యాలయపు పెద్దపేరు వారికి లేదు. కాని వెలుతురును కొలుచుటలో వారి చేయి తిరిగినది. 1956లో వారు కూర్చిన ఇనుపలవణపు ద్రావణముతోనే నేటికిని కాంతిరసాయనజ్ఞులు తమ దీపముల బలమును కొలిచికొనుచున్నారు. 1960 తరువాతి రెండు మూడేండ్లలో వారు ఇయోసిన్, అంత్రసీను, ఫినాంత్రీను, పైరీను ద్రావణములను ఒకదాని వెంట నొకటి పరీక్షించిరి.

వారి పరికరపు సూత్రము పాతదే. పందొమ్మిదవ శతాబ్దము నడుమ ఫ్రాన్సులో ఎడ్మండ్ బెకరెల్ దీనిని కల్పించెను. గాజుగొట్టమునకు ఇరువైపుల చీలికలు గల రెండు చక్రములు తిరుగుచుండును. ఒక చక్రపు చీలికగుండ వెలుతురు గొట్టముపై పడునపుడు రెండవ చక్రము కంటికి అడ్డముగా నుండును. రెండవ చక్రపు చీలిక కంటికి ఎదురైనపుడు మొదటిది వెలుతురును మూసివేయును. కావున చూచువానికి దీపపు వెలుతురు గాని, వెంటనే వచ్చు ప్రతిదీప్తి గాని కనబడవు, ఆలసించినదే కనబడును. పార్కర్ కంటికి బదులు అతిసూక్ష్మమైన కాంతిని పట్టగల గొట్టమును, వర్ణపటమును గీయు యంత్రమును అమర్చెను. ఇంత శ్రమ ఎందుకనగా, ఆలసించిన కాంతి సాధారణముగా వెంటనే వచ్చిన దానిలో వందవ వంతో, వేయవ వంతో, ఒక్కొక్కప్పుడు ఇంకను తక్కువో యుండును.

ఈ పరికరముతో వారికి అసలు కీలకము దొరికినది. దీపపు వెలుతురును రెట్టింపు చేసినపుడు మామూలు ప్రతిదీప్తి రెట్టింపు అగును. ఇయోసిన్ ఆలస్యకాంతియు రెట్టింపే అగును. అంత్రసీను ఆలస్యకాంతి మాత్రము నాలుగు రెట్లు పెరిగినది. వెలుతురు మూడింతలైనచో ఇది తొమ్మిదింతలగును. ఇట్లు వర్గసంఖ్యగా పెరుగుట దేనికి గుర్తు? ఒక్క అణువు ఒంటరిగా చేయు పని కాదని, ఇద్దరు కలిసినగాని జరుగని పని యని గుర్తు. ఒక సంతలో ఎర్రతలపాగాలవారి సంఖ్య రెట్టింపైనచో, వారిలో ఇద్దరిద్దరు ఎదురుపడు సందర్భములు నాలుగింతలగును గదా. వెలుతురు రెట్టింపైనపుడు త్రిక స్థితిలోని అణువులు రెట్టింపగును. అవి ఒకదానినొకటి కలసికొను సందర్భములు నాలుగింతలగును.

కలసికొన్నపుడు జరుగు వ్యాపారమును రూపాయలలో చెప్పవచ్చును. ఒక్కొక్క అణువు వద్ద పదునెనిమిది రూపాయలున్నవి. పైమెట్టు ధర ముప్పదిమూడు. ఒకడు తన సొమ్మునంతను రెండవవానికి ఇచ్చివేసి, వట్టి చేతులతో నేలకు దిగును. రెండవవాని వద్ద ముప్పదియారు రూపాయలైనవి. ముప్పదిమూడు వెచ్చించి అతడు పైమెట్టు ఎక్కును. మిగిలిన మూడును వేడిమిగా పోవును. పైకెక్కిన అణువు తన అలవాటు చొప్పున వెంటనే నీలికాంతిని విడుచును. కాంతి క్రొత్తది కాదు. దానిని ఇచ్చు స్థితియు క్రొత్తది కాదు. ఆ స్థితికి చేరిన త్రోవయే పొడవైనది. రంగు మారకపోవుటకు, కాలము మారుటకు గల కారణమిదియే.

పార్కర్ మరియొక సాక్ష్యమును గూడ చూపెను. ఇద్దరి కలయికయే కాంతికి మూలమైనచో, త్రికముల సంఖ్య సగమగునప్పటికి కాంతి నాలుగవ వంతు కావలెను. అనగా ఆలస్యకాంతి త్రికములకంటె రెట్టింపు వేగముతో తగ్గవలెను. దాని ఆయుష్షు త్రికముల ఆయుష్షులో సరిగా సగము కావలెను. కొలిచి చూడగా అట్లే యున్నది. ఇయోసిన్ విషయమున ఆలస్యకాంతికిని స్ఫురదీప్తికిని ఆయుష్షు సమానము. ఇట్లు రెండు జాతులును స్పష్టముగా విడిపోయినవి. పార్కర్ మొదటి దానికి ఇయోసిన్ పేరులోని తొలి అక్షరమును, రెండవదానికి పైరీను పేరులోని తొలి అక్షరమును పెట్టి వ్యవహరించెను. ఆ పేర్లు పాఠ్యగ్రంథములలో నేటికిని ఉన్నవి.

అణువులు ఒకదానికొకటి తటస్థపడుటకు ద్రావణమే ఎందులకు అనుకూలమో కొంచెము లెక్క వేసి చూడవచ్చును. ఆల్కహాలులో అణువు అటునిటు త్రోయబడుచు, దిక్కుతెలియక తిరుగుచుండును. ప్రతిదీప్తికి పట్టు కాలములో అది తన పొడవునకు ఐదారు రెట్ల దూరము మాత్రమే పోగలదు. త్రిక స్థితిలో నున్నది వేయవ వంతు సెకను బ్రతికినను, తన పొడవునకు రెండువేల రెట్లకు పైగా దూరము పోవును. అంత దూరములో తనవంటి మరియొక దానిని కలసికొనుట సాధ్యమే. అదే ద్రావణమును ద్రవనైట్రొజనులో ముంచి గాజువలె గట్టిపడజేసినచో అణువులు కదలలేవు, కలయిక లేదు, నీలపు ఆలస్యకాంతి నశించి, ఒంటరి స్ఫురదీప్తియే మిగులును.

ఇదంతయు వినుటకు సుగమముగా నున్నది. చేయుటలోని కష్టములు వేరు. మొదటి శత్రువు మనము పీల్చు గాలియే. అందలి ప్రాణవాయువు విచిత్రమైన అణువు: అది సాధారణ స్థితిలోనే త్రికము. అంత్రసీను త్రికమును తాకినంతనే దాని శక్తిని లాగికొనును. గాలి తగిలిన ఆల్కహాలులో త్రిక స్థితి సెకనులో పదిలక్షల వంతైనను బ్రతుకదు. కావున ద్రావణమును గడ్డకట్టించి, గాలిని పంపుతో లాగివేసి, కరగించి, మరల గడ్డకట్టించి, ఇట్లు పలుమార్లు చేయవలెను. విద్యార్థిదశలో నేనొక ప్రయోగశాలలో ఇట్టి గొట్టమును సిద్ధముచేసి, తిరుగు చక్రముల వెనుక నీలికాంతిని చూచి సంతోషించి, మరునాడు ఉపాధ్యాయునికి చూపబోయితిని. ఏమియు కనబడలేదు. రాత్రి బిరడాసందున గాలి చొరబడినది. రెండవమారు బిరడాకు జిగురు దట్టముగా పూసితిని. కాంతి కనబడినది, కాని అది అంత్రసీనుది కాదు, జిగురుది!

రెండవ శత్రువు మాలిన్యము. కొందరు శాస్త్రజ్ఞులు ఆలస్యకాంతిని ఏళ్ల తరబడి నమ్మకపోవుటకు కారణమిదియే; వారి సంశయమును తప్పుపట్టరాదు. వేయవ వంతు కాంతిని వెదకుచున్నపుడు, వేయవ వంతు మాలిన్యము గూడ సాక్షిగా వచ్చి నిలుచును. ఫినాంత్రీను, అంత్రసీను రెండును ఒకే తారులోని తోబుట్టువులు. ఒకదానినుండి రెండవదానిని పూర్తిగా వేరుచేయుట మహాకష్టము. అంత్రసీను లేశమాత్రముగా కలసిన ఫినాంత్రీను ద్రావణముపై వెలుతురు పడినపుడు, దానిని గ్రహించునది ఫినాంత్రీనే. కాని ఫినాంత్రీను త్రికము, దీర్ఘకాలము తిరుగాడుటచేత, ఎక్కడనో ఉన్న అంత్రసీనును తాకి తన శక్తిని అప్పగించును. తుదకు ఆలస్యకాంతి అంత్రసీను రంగులో వచ్చును. పార్కర్, హాచర్డులు ఈ లోపమునే సాధనముగా మార్చుకొనిరి. ఒక పదార్థముచే వెలుతురును పట్టించి, వేరొకదానిచే వెలుగు నిప్పించు పద్ధతిని 1962లో వారు ప్రకటించిరి. అందులో ఒక ప్రయోగము ముచ్చటైనది. ప్రోఫ్లవిన్ అను రంగుపదార్థమును అంత్రసీనుతో కలిపి, అంత్రసీను గ్రహింపజాలని తక్కువ శక్తి గల కాంతిని ప్రసరింపజేసిరి. ప్రోఫ్లవిన్ దానిని గ్రహించి, త్రికమై, శక్తిని అంత్రసీనుకు అందించెను. రెండు అంత్రసీను త్రికములు కలసి, వేసిన కాంతికంటె హెచ్చు శక్తి గల ఊదా నీలికాంతిని ఇచ్చినవి. స్టోక్సు చెప్పిన నియమమునకు ఇది తలక్రిందులు. శక్తి ఎక్కడినుండియు ఊడిపడలేదు. రెండు చిల్లరనాణెములు కలసి ఒక పెద్దనాణెమైనది, అంతే.

ద్రావణములలో తేలినది స్ఫటికములలోను తేలినది. 1963లో అమెరికాలో కెప్లరును అతని సహచరులును కెంపు లేసరు యొక్క ఎర్రనికాంతిని అంత్రసీను స్ఫటికముపై ప్రసరింపజేయగా నీలికాంతి వెలువడెను. 1967లో జాన్‌సన్, మెరిఫీల్డ్, అవాకియన్ ప్రభృతులు అట్టి స్ఫటికమును అయస్కాంతపు కొనల నడుమ పెట్టి, ఆలస్యకాంతి అయస్కాంతబలమునుబట్టి హెచ్చుతగ్గులగుట చూపిరి. నాఫ్తలీను, అంత్రసీను స్ఫటికముల అయస్కాంతగుణములను మన దేశమున కె. ఎస్. కృష్ణన్ అంతకు ముప్పదియేండ్లకు పూర్వమే సూక్ష్మముగా కొలిచియుండెను. ఆయన ప్రశ్నలు వేరు గాని, వస్తువులు ఇవియే.

అయస్కాంతమునకు ఈ వెలుతురుతో నేమి పని యన్నచో, త్రికముల కలయిక అన్ని వేళల ఫలింపదు. ఒక్కొక్క త్రికమునకు మూడు రూపములు గనుక, ఇద్దరి కలయికకు తొమ్మిది రూపములు. వానిలో స్పిన్ లెక్క సరిపడి ఏకక స్థితికి నేరుగా దారితీయునది ఒక్కటి మాత్రమే. మూడు త్రికమునకు, ఐదు పంచకమునకు చెందినవి. అయస్కాంతము ఈ తొమ్మిదింటి పొత్తును కలచివైచును. అందుచే వెలుతురు మారును. నిజమైన ద్రావణములలో ఫలించు వంతు తొమ్మిదింట ఒకటికి మించియుండుట కలదు. వమ్మైన కలయికలలో కొన్ని అణువులు మరల విడిపోయి, ఇంకొకమారు ప్రయత్నించుటయే దీనికి కారణము.

ఈ విషయమంతయు కొలదిమంది నిపుణుల గాజుగొట్టములలో నిలిచిపోలేదు. ఇరువదియొకటవ శతాబ్దమున టెలిఫోనులకు, టెలివిజనులకు వచ్చిన క్రొత్త తెరలలో కర్బనసంబంధమైన అణువులకు విద్యుత్తును ఇచ్చి వెలిగింపజేయుదురు. వెలుతురుచే గాక విద్యుత్తుచే అణువు ఉత్తేజితమైనపుడు, స్పిన్ నియమముచే నాలుగింట ఒకటి మాత్రమే ఏకక స్థితికి, మూడు త్రిక స్థితికి చేరును. మామూలు ప్రతిదీప్తి పదార్థములను వాడినచో ముప్పాతిక వంతు విద్యుత్తు వృథా. ఇరిడియము వంటి అరుదైన లోహములను చేర్చి స్ఫురదీప్తిని రాబట్టుట ఒక ఉపాయము. అది ఖర్చుతో కూడినది. 2012లో జపానునందలి క్యూషూ విశ్వవిద్యాలయమున అదాచీ బృందము, లోహము లేకుండనే, రెండు మెట్లను మిక్కిలి దగ్గరగా నుండునట్లు అణువులను నిర్మించి, ఆ వృథా యగు వంతును ఇయోసిన్ మార్గమున వెలుతురుగా మార్చి చూపెను. గ్లిసరినులోని ఎర్రసిరా పదార్థము చేయు పనియే అది. మెట్టు తగ్గింపబడినది గనుక అరుదైన అదృష్టము నిత్యకృత్యమైనది. రెండవ మార్గమును గూడ మరువలేదు. 2006లో బలూషెవ్ ప్రభృతులు లేసరు లేకుండ, సూర్యకాంతి చేతనే తక్కువ శక్తి కిరణములనుండి హెచ్చు శక్తి కిరణములను పుట్టించిరి. సౌరఫలకములు గ్రహింపలేక విడిచిపెట్టు తక్కువ శక్తి గల కాంతిని ఇట్లు వినియోగములోనికి తేవచ్చునా యని ఇప్పుడు పలుచోట్ల పరిశోధనలు సాగుచున్నవి. అక్కడను మొదటి అడ్డంకి ప్రాణవాయువే.

తెరలలో ఎరుపు, ఆకుపచ్చల సమస్య చాలవరకు తీరినది. నీలమే మొండికెత్తినది. నీలికాంతికి శక్తి హెచ్చు. అట్టి త్రికము దీర్ఘకాలము నిలిచి, మరియొక త్రికముతోనో, విద్యుదావేశము గల అణువుతోనో ఢీకొన్నపుడు, పోగుపడిన శక్తి అణువులోని బంధమునే త్రెంపగలదు. వెలుగు నిచ్చు అణువు అంతటితో చచ్చును. తెరపై నీలము క్రమముగా వెలవెలబోవును. ఇందుచేత చాలమంది తయారీదారులు నీలమునకు మాత్రము అంత్రసీను సంతతివైన ప్రతిదీప్తి పదార్థములనే ఆశ్రయించుచున్నారు. వానిలో త్రికము తక్కువ ఎత్తున నుండుటచే అపాయము తక్కువ. ఇద్దరు కలసి ఒకరిని పైకెక్కించు పాతమార్గమున కొంత వెలుతురు అదనముగా లభించును. రాత్రివేళ చేతిలోని ఫోనుతెరపై కనబడు నీలపు చుక్కలలో కొంత భాగము ఈ విధముగా ఆలసించి వచ్చినదే.